పెరట్లో పందిరికి కూడా పర్మిట్టా? ఈ అమెరికాలో సర్కారు వేలు పెట్టని చోటు ఏదైనా మిగిలిందా?

డల్లాస్_దొర
మొన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి వీధి తలుపుకి ఒక పసుప్పచ్చ కాగితం అంటించి ఉంది. సిటీ కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ వాళ్ల నోటీసు. చేసిన నేరం ఏంటంటే, చిక్కుడు, బీర పాదుల కోసం మా అత్తగారు పెరట్లో వేయించిన పందిరి. నాలుగు చెక్క గుంజలు, పైన తీగల వల, అంతే. "అనుమతి లేని నిర్మాణం. యుటిలిటీ ఈజ్‌మెంట్‌లోకి (కేబుళ్ల లాంటి వాటికి వదలాల్సిన జాగాలోకి) వచ్చింది. గడువులోగా తీసేయండి, లేదా పర్మిట్‌కి అప్లై చేయండి, లేకపోతే జరిమానా" అని రాశారు. అప్లై చేయాలంటే కొలతలతో సైట్ ప్లాన్ గీసివ్వాలట. ఫీజు వేరే. ఆరడుగుల కంచె వెనక ఉన్నది వాళ్లకి ఎలా కనపడిందో ఆ దేవుడికే తెలియాలి.

ఇల్లు నాది, లోను నాది, ఏటా గుండె గుభేల్మనేలా వచ్చే ప్రాపర్టీ టాక్సు నాది. బీరపాదు ఎటు పాకాలో మాత్రం సిటీ చెబుతుంది. ఇక్కడి కన్జర్వేటివ్‌లు గవర్నమెంట్ ఓవర్‌రీచ్ అని ఎందుకు మొత్తుకుంటారో ఇప్పుడు తెలుస్తోంది. మీకూ ఇలాంటివి తగిలాయా? నిజంగానే హద్దు దాటుతున్నారా, నేనే ఎక్కువ ఫీలవుతున్నానా?

ఎడిసన్_ఏకాంబరం
ముందు చిక్కుళ్లు కాశాయా లేదా అది చెప్పండి.

రూల్స్_రామం
ఆ కాగితం సిటీదా, కాలనీ ఇళ్ల యజమానుల సంఘం హెచ్‌ఓఏదా ఇంకోసారి చూడండి. మనవాళ్లు రెండూ కలిపేస్తారు. హెచ్‌ఓఏ సర్కారు కాదు. ఇల్లు కొన్నప్పుడు మనం చదవకుండా సంతకం పెట్టిన కాగితాల కట్టలో అదీ ఉంటుంది.

డల్లాస్_దొర
సిటీదే రామం గారూ, సిటీ ముద్ర ఉంది. హెచ్‌ఓఏ వాళ్ల ప్రేమలేఖ ఇంకా రాలేదు.

హ్యూస్టన్_పెద్దాయన
దొర, ఎక్కువ ఫీలవ్వడం ఏం లేదు. ముప్పై ఏళ్లుగా ఇక్కడున్నా, రాను రాను ప్రతిదానికీ ముందు అనుమతి అడిగే కాలం వచ్చింది. నీది పందిరితో పోయింది. ఐడహోలో సాకెట్ దంపతుల కథ తెలుసా? ప్రీస్ట్ లేక్ దగ్గర ఇల్లు కట్టుకుందామని స్థలం కొన్నారు. 2007లో మట్టి, కంకర తోలి చదును చేయిస్తుంటే ఫెడరల్ పర్యావరణ శాఖ ఈపీఏ వాళ్లు వచ్చి ఇది చిత్తడి నేల, ఫెడరల్ చట్టం కిందకి వస్తుంది, మళ్లీ ఉన్నట్టు చేయండి అన్నారు. చేయకపోతే జరిమానా రోజుకి వేల డాలర్లలో. ఆ ఆర్డరు తప్పని కోర్టుకి వెళదామంటే, వెళ్లే హక్కే లేదన్నారు. ఆ హక్కు కోసమే సుప్రీంకోర్టు దాకా పోయి 2012లో గెలిచారు. స్థలం సంగతి తేలడానికి మళ్లీ అదే కోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. 2023లో తేలింది. వాళ్ల స్థలం చట్టం కిందకి రాదని తొమ్మిది మంది జడ్జీలూ ఒప్పుకున్నారు. అప్పటికి పదహారేళ్లు. అంత ఓపిక, వెనక నిలబడే లాయర్లు ఎంతమందికి ఉంటారు? మిగతావాళ్లంతా నోరు మూసుకుని కట్టేస్తారు. నా బాధ అదీ.

బే_ఏరియా_బుజ్జి
పెద్దాయన గారూ, కథలో సగమే చెప్పారు. ఆ రూల్స్ ఊరికే పుట్టలేదు. 1969లో ఒహాయోలో కయహోగా నది మీద మంటలు లేచాయి. నది అండీ! ఆ తర్వాతే ఈపీఏ, క్లీన్ వాటర్ యాక్ట్ వచ్చాయి. చెరువులు పూడ్చి కాలనీలు వేసిన ఊరి నుంచి వచ్చినవాళ్లం మనం. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వరదల్లో మా పిన్ని వాళ్ల ఇంట్లో కింద పోర్షన్ మొత్తం మునిగింది. "నా స్థలం నా ఇష్టం" అంటే చివరికి అయ్యేది అదే.

హ్యూస్టన్_పెద్దాయన
నది కాలాలని ఎవరూ అనట్లేదమ్మా బుజ్జీ. రూల్ రాసేదీ వాళ్లే, తనిఖీకి వచ్చేదీ వాళ్లే, తప్పో ఒప్పో మొదట తేల్చేదీ వాళ్లే అయితే సామాన్యుడు ఎక్కడికి పోవాలి? 1984 నుంచి నలభై ఏళ్లు షెవ్రాన్ తీర్పు ఒకటి నడిచింది. చట్టంలో అస్పష్టత ఉంటే సర్కారు ఏజెన్సీ చెప్పిన అర్థం సబబుగా ఉంటే చాలు, కోర్టులు దాన్నే ఒప్పుకోవాలని. అది 2024 జూన్‌లో పోయింది. పోగొట్టిన కేసు హెర్రింగ్ చేపలు పట్టేవాళ్లది. పడవలో సర్కారు పరిశీలకుడిని ఎక్కించుకోవాలి, ఆయన జీతం కూడా వీళ్లే కట్టాలి, రోజుకి 700 డాలర్ల దాకా. ఆ ఖర్చు వీళ్ల మీద వేయమని చట్టంలో ఎక్కడా లేదన్నది వీళ్ల వాదన.

ఎడిసన్_ఏకాంబరం
పెళ్లికొచ్చి భోంచేసి కట్నం కూడా పట్టుకెళ్లినట్టుంది.

శాన్_ఆంటోనియో_స్వప్న
నాకు తెలిసిన ఫీల్డు కాబట్టి చెబుతా. ఐబ్రో త్రెడింగ్. టెక్సాస్‌లో ఒకప్పుడు దారంతో కనుబొమలు తీయడానికి ఎస్తటీషియన్ (చర్మ సౌందర్య పనివాళ్ల) లైసెన్స్ కావాలనేవారు. అంటే 750 గంటల కోర్సు, వేల డాలర్ల ఫీజు. తమాషా ఏంటంటే ఆ కోర్సులో త్రెడింగ్ నేర్పాలన్న నియమమే లేదు! దాదాపు 320 గంటలకి ఈ పనితో సంబంధమే లేదని కోర్టులో తేలింది. కేసు వేసింది మన పక్కవాళ్లే, పటేల్ పేరు మీద నడిచింది. 2015లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఆ నిబంధన కొట్టేసింది. ఆ తీర్పు రాకపోతే నేను ఇవాళ సొంత షాపులో రెండు కుర్చీలు వేసుకుని కూర్చునేదాన్ని కాదు. వేడి మైనం లేదు, మందులు లేవు, చేతిలో కాటన్ దారం, పళ్ల మధ్య ఒక కొస. దానికి రాష్ట్ర ప్రభుత్వం కాపలా!

బే_ఏరియా_బుజ్జి
స్వప్నా, నీతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తా. కానీ గమనించావా, అది టెక్సాస్. మా కాలిఫోర్నియా కాదు :)

రూల్స్_రామం
లైసెన్సుల జబ్బుకి పార్టీ లేదు. 1950ల్లో ఇరవై మందిలో ఒకరికి ఉద్యోగం చేయడానికి రాష్ట్ర లైసెన్స్ కావాల్సి వచ్చేది. ఇప్పుడు దాదాపు నలుగురిలో ఒకరికి. డాక్టరుకి అడిగితే అర్థం ఉంది. కొన్ని రాష్ట్రాల్లో పూలబొకేలు కట్టేవాళ్లకీ, ఇంటి లోపల అలంకరణ చేసేవాళ్లకీ అడిగారు. చాలాసార్లు అడిగించేది ఆల్రెడీ లైసెన్స్ ఉన్నవాళ్లే, పోటీ రాకుండా.

టాంపా_గోంగూర
పాదుల టాపిక్ కాబట్టి నేనూ వచ్చా. ఫ్లోరిడాలో మయామీ షోర్స్ అని ఒక ఊరు. అక్కడొక జంట పదిహేడేళ్లుగా ఇంటి ముందు కూరగాయలు పండించుకుంటున్నారు, పెరట్లో ఎండ చాలక. 2013లో ఊరివాళ్లు రూల్ మార్చి ఇంటి ముందు కూరగాయలు కూడదన్నారు. రోజుకి 50 డాలర్ల జరిమానా అని బెదిరిస్తే పీకేశారు పాపం. పండ్ల చెట్లుంటే ఓకే, బొమ్మలు పెట్టుకున్నా ఓకే, వంకాయ మొక్క మాత్రం కంటికి నలుసు. కోర్టులో ఊరే గెలిచింది. చివరికి 2019లో రాష్ట్రమే చట్టం చేసి, కూరగాయల తోటలను ఏ సిటీ గానీ కౌంటీ గానీ ఆపడానికి వీల్లేదంది. ఆ చట్టం పుణ్యమా అని మా ఇంటి ముందు ఇప్పుడు నడుమెత్తు గోంగూర. అటు వెళ్లేవాళ్లు దాన్ని చూసి ఇంకేదో ఆకు అనుకుని ఫొటోలు తీస్తారు, అది వేరే సంగతి.

ఎడిసన్_ఏకాంబరం
@టాంపా_గోంగూర పోలీసులొస్తే పప్పులో వేసి పెట్టండి.

మీ అందరి కష్టాలకంటే మాది పెద్దది. న్యూజెర్సీలో మన కారులో పెట్రోలు మనం కొట్టుకోకూడదు. 1949 నాటి చట్టం. ఒరెగాన్ వాళ్లు కూడా 2023లో వదిలేశారు, ఇక దేశం మొత్తంలో మేమే. పంపు దగ్గర చేయి పెట్టామంటే ఆ కుర్రాడు "సార్ సార్" అని పరిగెత్తుకొస్తాడు.

డల్లాస్_దొర
అయితే అది ఓవర్‌రీచ్ అని ఒప్పుకుంటారా ఏకాంబరం గారూ?

ఎడిసన్_ఏకాంబరం
నూటికి నూరు పాళ్లు ఓవర్‌రీచే. కానీ జనవరిలో మంచు పడుతుంటే అద్దం రెండంగుళాలు దించి కార్డు ఇచ్చే సుఖం ఉందే... దాన్ని ఎత్తేస్తామని ఎవరైనా వస్తే నేనే ధర్నాకి కూర్చుంటా.

హ్యూస్టన్_పెద్దాయన
ఏకాంబరం సరదాకి అన్నా, అసలు రోగం అక్కడే ఉంది. ఎవడికి నచ్చిన ఆంక్ష వాడికి ముద్దు.

సీపీఏ_శారద
పందిళ్లు, పెట్రోలు సరే, డబ్బు దగ్గరికి రండి. ట్యాక్స్ సీజన్‌లో నా టేబుల్ ముందు కూర్చున్న మనవాళ్ల ముఖాలు చూస్తే తెలుస్తుంది. బ్యాంకులో 10,000 డాలర్లు దాటి నగదు వేసినా తీసినా బ్యాంకు సర్కారుకి రిపోర్ట్ చేయాలి. ఆ రూలు 1970ల నాటిది. అప్పట్లో ఆ డబ్బుతో కొత్త కార్లు రెండు వచ్చేవి. ధరలన్నీ పెరిగాయి, ఈ అంకె మాత్రం కదల్లేదు. పోనీ గొడవెందుకని కావాలని విడగొట్టి కొంచెం కొంచెంగా వేశారనుకోండి, ఆ విడగొట్టడమే నేరం. డబ్బు చెమటోడ్చి సంపాదించినదే అయినా సరే.

ఇక ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల రిపోర్టు. ఇండియాలో మీకున్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే రిపోర్ట్ చేయాలి. నాన్నగారితో జాయింట్‌గా ఉన్న పాత పొదుపు ఖాతా కూడా లెక్కే. పొలం అమ్మిన డబ్బు వారం రోజులు ఖాతాలో ఉన్నా లెక్కే. బిట్నర్ అనే ఆయన తెలియక ఐదేళ్లు ఫైల్ చేయలేదు. పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఖాతాకి ఒకటి చొప్పున 272 తప్పులు లెక్కేసి 27 లక్షల 20 వేల డాలర్లు కట్టమంది. 2023లో సుప్రీంకోర్టు 5-4తో "ఖాతాకి కాదు, ఏడాదికి ఒక రిపోర్టు, దానికే జరిమానా" అంది. 50 వేలకి దిగింది. ఒక్క జడ్జి అటు ఉంటే ఆయన పని అయిపోయేది. నేను పార్టీల జోలికి పోను. కానీ మామూలు మనిషిని దొంగలా చూసే ఈ పద్ధతి మీద కన్జర్వేటివ్‌లు గోల చేస్తే తప్పనను.

రూల్స్_రామం
శారద గారూ, చిన్న కంపెనీల ఓనర్ల వివరాల గోల కూడా చెప్పండి.

సీపీఏ_శారద
అబ్బా, గుర్తు చేయకండి. 2024 జనవరి నుంచి ప్రతి చిన్న ఎల్‌ఎల్‌సీ కంపెనీ యజమాని ఎవరో సర్కారుకి ఐడీతో సహా చెప్పాలన్నారు. చెప్పకపోతే రోజుకి 500 డాలర్ల పైన జరిమానా. ఏడాది చివర గడువు దగ్గర పడుతుండగా డిసెంబర్‌లో ఒక కోర్టు ఆపింది, క్రిస్మస్ ముందు ఇంకో కోర్టు నడవనివ్వండి అంది, మూడు రోజులకి మళ్లీ ఆపింది. క్లయింట్లు ఫోన్ చేసి "ఇవాళ చట్టం ఉందా లేదా" అని అడిగేవారు. 2025 మార్చిలో ఇక్కడి కంపెనీలకి అక్కర్లేదని తేల్చారు. బుద్ధిగా టైముకి ఫైల్ చేసినవాళ్లు మాత్రం నన్ను ఇప్పటికీ దెప్పుతారు.

మిన్నెసోటా_మూర్తి
మా హెన్నెపిన్ కౌంటీ కేసు ఎవరూ చెప్పలేదే. జెరాల్డిన్ టైలర్ అని పెద్దావిడ, తీర్పు వచ్చేనాటికి 94 ఏళ్లు. పాత కాండో (సొంత అపార్ట్‌మెంట్) మీద ఆస్తి పన్ను సుమారు 2,300 డాలర్లు బాకీ పడింది. వడ్డీలు, జరిమానాలు కలిసి 15,000 అయింది. కౌంటీ ఇల్లు స్వాధీనం చేసుకుని 40,000కి అమ్మింది. బాకీ పోను మిగిలిన 25,000 ఆవిడకి ఇవ్వాలా వద్దా? ఇవ్వలేదు. ఉంచేసుకుంది! 2023లో తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా అది తప్పన్నారు. మన ఊళ్లో వడ్డీ వ్యాపారి కూడా పైకం మిగిలితే ముఖం చాటేస్తాడేమో గానీ, చట్టం చూపించి మింగడు.

బే_ఏరియా_బుజ్జి
మూర్తి గారు చెప్పింది ఘోరం, వాదనే లేదు. కానీ ఈ "చిన్న ప్రభుత్వం" మాటలు చెప్పేవాళ్ల రికార్డు చూద్దామా? టాయిలెట్ ఫ్లష్‌కి 1.6 గాలన్లు, షవర్‌కి నిమిషానికి 2.5 గాలన్లు అని పరిమితి పెట్టిన 1992 చట్టం మీద సంతకం పెద్ద బుష్‌ది. పాత ఫిలమెంట్ బల్బుల పని పట్టిన 2007 చట్టం మీద సంతకం చిన్న బుష్‌ది. హైవే నిధులు కోస్తామని బెదిరించి 1984లో మందు తాగే వయసు 21 చేయించింది రీగన్. మరి వీళ్లెవరు?

హ్యూస్టన్_పెద్దాయన
కన్జర్వేటివ్ అంటే రిపబ్లికన్ పార్టీ అని నేనెప్పుడన్నానమ్మా? నువ్వు చెప్పిన మూడూ నాకు నచ్చవు. షవర్ సంగతి మరీ విచిత్రం. ఆ 2.5 గాలన్లు ఒక్కో నాజిల్‌కా, మొత్తం షవర్‌కా అన్న అర్థం 2013లో ఒకలా, 2020లో ఇంకోలా, 2021లో మళ్లీ మొదటిలా, 2025లో ఆ నిర్వచనమే రద్దు. అధ్యక్షుడు మారినప్పుడల్లా నా బకెట్ నిండే టైము మారాలా?

ఎడిసన్_ఏకాంబరం
పెద్దాయన గారు ఇంకా బకెట్ స్నానమే. షవర్ రూల్స్ ఆయనకి వర్తించవు.

సీయాటిల్_సుబ్బలక్ష్మి
గ్యాస్ స్టవ్ గురించి ఎవరూ ఎత్తట్లేదేం? 2023 జనవరిలో కన్స్యూమర్ సేఫ్టీ కమిషనర్ ఒకాయన నిషేధం కూడా పరిశీలించొచ్చు అన్నట్టు మాట్లాడాక మా వాట్సాప్ గ్రూపులన్నీ అట్టుడికిపోయాయి. వంకాయ కాల్చి పచ్చడి చేయాలంటే మంట కావాలి. పైన తొక్క నల్లగా మాడి, పగిలి, లోపలి రసం బర్నర్ మీద పడి చుయ్‌మనాలి. ఇండక్షన్ మీద చేస్తే ఉడికిన వంకాయ వస్తుంది, కాల్చిన వంకాయ రాదు.

బే_ఏరియా_బుజ్జి
అత్తయ్యా, మీ స్టవ్ ఎవరూ పట్టుకెళ్లలేదు. నిషేధం ఆలోచనే లేదని ఆ కమిషన్ ఛైర్మనే చెప్పారు. మా పక్కన బర్క్‌లీలో 2019లో తెచ్చింది కూడా కొత్త బిల్డింగులకి గ్యాస్ లైను వద్దని మాత్రమే. దాన్నీ 2023లో ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టేసింది.

సీయాటిల్_సుబ్బలక్ష్మి
కొట్టేశారు కాబట్టి ఆగింది బుజ్జమ్మా, వాళ్లంతట వాళ్లు ఆగలేదు. అదే ఏడాది న్యూయార్క్ రాష్ట్రం కొత్త ఇళ్లకి గ్యాస్ వద్దని చట్టమే చేసింది. రేపు మా అమ్మాయి కొత్త ఇల్లు కొంటే వంకాయ ఎక్కడ కాల్చుకోవాలి, మా ఇంటికొచ్చా?

గ్రీన్‌కార్డ్_క్యూలో
చదువుతుంటే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. మీకు పందిరి ఓవర్‌రీచ్. మేం ఇల్లు మారితే పది రోజుల్లో సర్కారుకి చెప్పాలి, చెప్పకపోతే నేరం. పద్దెనిమిదేళ్లు దాటిన ప్రతి విదేశీయుడూ రిజిస్ట్రేషన్ కాగితం ఎప్పుడూ ఒంటి మీద ఉంచుకోవాలి. 2025 సెప్టెంబర్‌లో ఒక శుక్రవారం సాయంత్రం ప్రకటన వచ్చింది, కొత్త హెచ్-1బీ పిటిషన్‌కి లక్ష డాలర్లని. పాతవాళ్లకి వర్తించదని స్పష్టత వచ్చేలోపు సెలవులకి వెళ్లినవాళ్లు పిల్లల్ని సంకనేసుకుని ఎయిర్‌పోర్టులకి పరిగెత్తారు. సంతకంతో రాత్రికి రాత్రి జీవితాలు మార్చేయడం ఓవర్‌రీచ్ కాదా పెద్దాయన గారూ? ఇక్కడ మాత్రం మీ చిన్న ప్రభుత్వం ఎందుకు మాయమైంది?

హ్యూస్టన్_పెద్దాయన
దేశంలోకి ఎవరు రావాలన్నది ఫెడరల్ ప్రభుత్వం పనే బాబూ, అది నా పెరడు కాదు. కానీ ఫీజు ఎంతన్నది కాంగ్రెస్ తేల్చాలి, ఒక్క మనిషి సంతకంతో కాకూడదు. ఆ ముక్క నేనూ ఒప్పుకుంటా. ఈపీఏకి ఒక న్యాయం, అధ్యక్షుడికి ఇంకో న్యాయం ఉండకూడదు.

గ్రీన్‌కార్డ్_క్యూలో
ఈ మాట మీ ఫ్రెండ్స్ గ్రూపులో కూడా అనండి సార్.

నిర్వాహకుడు
ఇమ్మిగ్రేషన్‌కి వేరే చర్చ ఉంది. ఇక్కడ దానితో తగువులు పెట్టుకోకండి.

ఆస్టిన్_అమ్మ
మా కేసు. తొమ్మిదేళ్ల బాబు రెండు వీధులవతల లైబ్రరీకి నడిచి వెళ్తుంటే ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు. ఆఫీసరు మర్యాదగానే ఇంటి దాకా తీసుకొచ్చి దింపాడు గానీ, "పర్యవేక్షణ లేకుండా పంపారా" అని అడిగి పుస్తకంలో రాసుకుంటుంటే నాకు కాళ్లు వణికాయి. పిల్లాడిని తీసుకుపోతారేమోనని ఆ రాత్రి నిద్ర లేదు. మేం వాడి వయసులో చెల్లిని కూడా పట్టుకుని రోడ్డు దాటి బడికి వెళ్లాం.

రూల్స్_రామం
2015లో మేరీల్యాండ్‌లో సిల్వర్ స్ప్రింగ్ కుటుంబానికి ఇలాగే జరిగి దేశమంతా మాట్లాడుకుంది. పదేళ్లు, ఆరేళ్ల పిల్లలు పార్కు నుంచి నడిచి వస్తుంటే తల్లిదండ్రుల మీద విచారణ. ఆ తర్వాత 2018లో యూటా మొదటగా చట్టం చేసింది, వయసుకి తగ్గట్టు పిల్లలు ఒంటరిగా నడిచినా ఆడుకున్నా నిర్లక్ష్యం కాదని. మీ టెక్సాస్ కూడా 2021లో చేసింది. ఒక ప్రింటవుట్ తీసి ఉంచుకోండి.

డల్లాస్_దొర
అప్‌డేట్. నిన్న సిటీ ఆఫీసుకి వెళ్లా. కౌంటర్‌లో ఆవిడ బాగానే మాట్లాడింది. మా సిటీలో 200 చదరపు అడుగుల లోపు అయితే బిల్డింగ్ పర్మిటే అక్కర్లేదట! నోటీసులో ఆ ముక్క తప్పు. ఈజ్‌మెంట్ సంగతి మాత్రం నిజమే, వెనక రెండు గుంజలు నాలుగడుగులు ఇంటివైపు జరపాలి. కింద కేబుళ్లున్నాయి, రేపు తవ్వాల్సి వస్తే పీకేస్తారు, డబ్బులు కూడా ఇవ్వరు అంది. అత్తగారు మాత్రం "పూత మీదున్న పాదుని కదిలిస్తే పాపం తగుల్తుంది, ఆ తెల్లావిడని ఇంటికి పిలువు, నేను మాట్లాడతా" అంటున్నారు.

బే_ఏరియా_బుజ్జి
చూశారా, అడిగితే సమాధానం దొరికింది. కేబుళ్ల మాట సబబే కదా.

హ్యూస్టన్_పెద్దాయన
అడగనివాడు పందిరి పీకేసేవాడు కదమ్మా. అక్కర్లేని పర్మిట్ అడిగినందుకు సిటీకి జరిమానా ఎవరు వేస్తారు?

శాన్_ఆంటోనియో_స్వప్న
టాపిక్ కాదు గానీ, మా అక్క ఇంట్లో స్వీట్లు, పచ్చళ్లు చేసి అమ్ముదామనుకుంటోంది. టెక్సాస్‌లో లైసెన్స్ కావాలా?

రూల్స్_రామం
టెక్సాస్‌లో దీనికి కాటేజ్ ఫుడ్ చట్టం ఉంది. అరిసెలు, జంతికల్లాంటివి ఇంట్లో చేసి నేరుగా అమ్ముకోవచ్చు, లైసెన్స్ అక్కర్లేదు. ఫుడ్ హ్యాండ్లర్ కోర్సు ఒకటి ఆన్‌లైన్‌లో చేయాలి, ప్యాకెట్ మీద లేబుల్ ఉండాలి. 2025 సెప్టెంబర్ నుంచి అమ్మకాల పరిమితి ఏడాదికి 50,000 నుంచి 150,000 డాలర్లకి పెంచారు. పచ్చళ్లని 2019లో చేర్చారు, పీహెచ్ (పులుపు కొలత) 4.6 దాటకూడదు.

శాన్_ఆంటోనియో_స్వప్న
ఆవకాయ నూనెలో ఉంటుంది కదా, అది ఏ లెక్కలోకి వస్తుంది?

రూల్స్_రామం
ఆరోగ్య శాఖకి ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోమనండి. ఫోన్‌లో చెప్పింది నిలబడదు.

ఎడిసన్_ఏకాంబరం
న్యూజెర్సీకి కొరియర్ చేస్తారా?

రూల్స్_రామం
రాష్ట్రం దాటించి అమ్మితే ఆ చట్టం వర్తించదు.

ఎడిసన్_ఏకాంబరం
అమ్మొద్దు. అన్నయ్యకి పంపినట్టు పంపమనండి. నేను చెల్లెలికి పసుపు కుంకుమ కింద జెల్‌లో (Zelle) డబ్బు పంపిస్తా.

సీపీఏ_శారద
ఏకాంబరం గారూ, ఈ చర్చ పబ్లిక్.